మామ్మ పారబోసిన బస్తా

మా మామ్మ పేరు దాలమ్మ. కలకత్తా గార్డెన్ రీచ్‌లో ఓడలు కట్టే యార్డు గేటు పక్కన కూర్చుని వేయించిన వేరుశనగ గింజలు అమ్ముతుంది. అంతకు ముందు ఇరవై ఎనిమిదేళ్లు కార్పొరేషన్‌లో వీధులు ఊడ్చింది. రిటైరైన మర్నాడే, ఇంట్లో కూర్చుంటే మోకాళ్లు బిగుసుకుపోతాయని చెప్పి, బాండీ, ఇసుక, గరిటె పట్టుకుని గేటు దగ్గరకు వెళ్లిపోయింది. మోకాళ్లకేమీ కాలేదు. నోటికి పని లేక వెళ్లిందని నా అనుమానం.

రోజూ మధ్యాహ్నం గుమ్మంలో చాట పెట్టుకుని గింజలు ఏరుతుంది. నిండుగా ఉన్నవి గేటుకి. సన్నవి మా ఇంటి పచ్చడికి. ముడతలు పడినవి, నల్లబడినవి, బూజు వాసన వేసేవి పక్కింటి కాసులమ్మ బాతులకి. మామ్మ లెక్కలో పారేయదగ్గ వస్తువంటూ ఈ భూమ్మీద లేదు.

ఏదైనా గింజ మీద అనుమానం వస్తే దాన్ని నా నోట్లో వేసేది.

“సేదా?”

“చేదే, మామ్మా.”

“ఉమ్మీయే గుంటా, బేగి. అలాటియి బాతులకెయ్యి.”

ఎనిమిదో క్లాసుతో చదువు ఆపేసిన నాకు దొరికిన మొదటి ఉద్యోగం అది.

కిందటేడు ఆగస్టులో మా గల్లీలో మోకాలి లోతు నీళ్లు నిలిచాయి. మంచం కింద ఉన్న కొత్త బస్తా అడుగు తడిసింది. మామ్మ గింజలన్నీ పాత చీర మీద పరిచి, ఫ్యాను కింద ఆరబెట్టి, మళ్లీ బస్తాకెత్తింది. నేను ముక్కు మూసుకుంటే కసిరింది.

“కాలే ఇసకలో ఏపుతాను కదే. అంత ఏడికి బూజు బతుకుద్దా?”

ఆ బస్తా మామూలు బస్తా కాదు. యార్డులో పనిముట్లకి చేసే విశ్వకర్మ పూజ కోసం తెచ్చింది. మా తాత ఆ యార్డులో ముప్ఫై ఏళ్లు వెల్డింగు పని చేసి పోయాడు. ఏడాదికి ఒక్క ఆ రోజునే ఇళ్లవాళ్లను గేటు లోపలికి రానిస్తారు. మామ్మ గంజి పెట్టిన చీర కట్టుకుని, నెత్తిన గంప పెట్టుకుని వెళ్లి, తాత పనిచేసిన షెడ్డులో అందరికీ గింజలు పంచి వస్తుంది. దుర్గా పూజకి కొత్త చీర లేకపోయినా ఊరుకుంటుంది కానీ ఈ గంప వెళ్లకపోతే ఊరుకోదు. అందుకే ఆ బస్తా గింజల్ని ముందు నుంచే ఏరడం మొదలుపెట్టి, ఏరేసినవి రోజూ కాసులమ్మ బాతులకి వేసింది.

పూజ ఇంకా పది రోజులుందనగా కాసులమ్మ కొంగులో ఒక బాతు పిల్లను పెట్టుకుని మా గుమ్మం ఎక్కింది.

“వొదినా! నా పిల్లల్ని ఏటి సేసినావే?”

“నానేటి సేసినాను? రోజూ మేపినాను!”

“అదేనే నాను సెప్పేది. మేపీ మేపీ సంపేత్తన్నావు. సూడు, మెడ నిలపనేకపోతంది.”

మామ్మ పసుపు నీళ్లు పోద్దామంది. కాసులమ్మ దిష్టి తీద్దామంది. నేను ఇద్దరినీ, ఆరు బాతు పిల్లల బుట్టనీ ఆటోలో కుక్కి పశువుల ఆసుపత్రికి తీసుకుపోయాను.

డాక్టరు చిన్న వయసు బెంగాలీ అమ్మాయి. ఏం తిన్నాయని అడిగింది. నేను మొదలుపెట్టి మొత్తం చెప్పేశాను. మామ్మ నా తొడ మీద గిల్లిన చోట వారం దాకా మచ్చ పోలేదు. కాసులమ్మ కొంగు ముడి విప్పి మిగిలిన గింజలు బల్ల మీద పోసింది. డాక్టరమ్మ ఒక గింజను రెండుగా విడదీసి చూపించింది. మధ్యలో పసుపూ ఆకుపచ్చా కలిసిన నూగు ఉంది.

“ఈ బూజు విషం చేస్తుంది. అది లివర్‌ని పాడుచేస్తుంది. బాతు పిల్లలు అసలు తట్టుకోలేవు,” అంది.

మామ్మ తన బెంగాలీలో వాదనకు దిగింది. “నేను కాలే ఇసుకలో వేయిస్తాను కదమ్మా!”

“వేయిస్తే బూజు చస్తుంది, దిదా. అది వదిలిన విషం చాలావరకు అలాగే ఉండిపోతుంది.”

“అయితే చెడ్డవి ఏరేస్తాను.”

“తడిసింది ఒకే బస్తా కదా. పైకి బాగున్న గింజలోనూ ఉండొచ్చు. చేదు లేకపోయినా ఉండొచ్చు. ఈ అమ్మాయి చేత రుచి చూపించడం కూడా మానేయండి.”

అలా నా ఉద్యోగం పోయింది. మామ్మ గబుక్కున నా గడ్డం పట్టుకుని, నోరు తెరిపించి, లోపలికి తొంగి చూసింది. ఏం కనిపిస్తుందనుకుందో! డాక్టరమ్మ నవ్వి, ఉమ్మేసిన నాలుగు గింజలకు భయం లేదని చెప్పేదాకా నా గడ్డం వదల్లేదు.

తిరుగు దారిలో మామ్మ బుట్ట తన ఒళ్లో పెట్టుకుని, పిల్లల మెడలు ఒక్కొక్కటే నిలబెట్టి చూసింది. మర్నాడు ఒక పిల్ల పోయింది. ఐదు మెల్లగా తేరుకుని నూకలు తినసాగాయి.

మామ్మ బస్తా ఎదురుగా కూర్చుంది.

“ఏరితే సగమైనా మిగులుతాయేమో, మామ్మా,” అన్నాను, కొంచెం ఆటపట్టిద్దామని.

“గేటు కాడ ఆలు సూసి తింటారేటే? కబుర్లాడుకుంటా నోట్లో ఏసుకుంటారు. నా కంటికి కనబడందాన్ని నానెలగ ఏరతాను?”

లేచి బస్తా ఈడ్చింది. చెత్తకుండీలో వేద్దామంటే నా మీద విరుచుకుపడింది. అన్నేళ్లు ఊడ్చిన మనిషి కదా, చెత్తకుండీలో ఎవరెవరు భోంచేస్తారో తెలుసు. మేకలు, ఆవులు, కాకులు. గల్లీ చివర ఖాళీ స్థలంలో గొయ్యి తవ్వాం. కాసులమ్మ తనే పార తెచ్చింది. బస్తా పోసి, ఫినాయిలు కుమ్మరించి, మట్టి కప్పేసరికి ముగ్గురం బురద బొమ్మలమయ్యాం. ముసలమ్మలిద్దరూ ఒకరినొకరు చూసుకుని పడీపడీ నవ్వారు.

పూజ నాడు ఆకాశం నిండా గాలిపటాలు. మామ్మ మాత్రం మంచం దిగలేదు.

“ఒట్టి సేతుల్తో ఆ గేటు ఎలగ దాటతానే?”

ఇంతలో అప్పలసూరి వచ్చాడు. తాత దగ్గర పని నేర్చుకున్న వెల్డరు.

“అత్తా, అందరూ నీకోసమే సూత్తన్నారు.”

“గింజల్లేవురా.”

“తెలుసు. బాతుల కథ మీ గుంట గేటు కాడ అందరికీ సెప్పేసింది. ఆలకి నీ నోటితో ఇనాలనుందట.”

మామ్మ నావైపు ఒక చూపు చూసింది. గిల్లుతుందని తొడలు దాచుకున్నాను. ఆమె లేచి గంజి చీర తీసింది.

షెడ్డులో దేవుడి ముందు మామ్మ చుట్టూ నలభై మంది చేరారు. మెడ వాల్చిన బాతు పిల్లలా నడిచి చూపించింది. డాక్టరమ్మలా ఇంగ్లీషు ముక్కలు కొట్టింది. కొంగు విదిలించి కాసులమ్మలా తిట్టింది. మనుషులు పొట్టలు పట్టుకున్నారు. నవ్వులు ఆగాక ఒక్కొక్కరినీ వేలు పెట్టి అడిగింది: మీ ఇంట్లో గింజలెక్కడ పెడతారు? గోడకి ఆనిస్తారా? తడిసినవి మేకకి పెడతారా? పెద్ద పెద్ద మిషన్లు నడిపే మగాళ్లు తలలు వంచుకున్నారు.

దేవుడికి నైవేద్యం పెట్టిన ఖిచుడీ వడ్డించే వేళకి మామ్మ కనిపించలేదు. వెతికితే వంట షెడ్డులో ఉంది. బియ్యం బస్తా, పప్పు బస్తా రెండింట్లోనూ మోచేతి దాకా చెయ్యి దూర్చి, గుప్పిట తీసి వాసన చూస్తోంది. వంటవాడు గరిటె పట్టుకుని, చెమటలు కక్కుతూ పక్కన నిలబడ్డాడు.

“పొడిగానే ఉన్నాయి మాసీ, ఒట్టు!”

“నేల మీద కాదు, బల్ల మీద పెట్టు,” అంది మామ్మ.

అతను బస్తాలు రెండూ ఎత్తి బల్ల మీద పెట్టేదాకా నిలబడి, అప్పుడు విస్తరి అందుకుంది. ఖిచుడీ రెండుసార్లు వేయించుకుంది.