‘ప’ మింగిన ‘త’

మా నాయన నోట్లోంచి మొదట పోయింది ‘త’. దాని వెంటే ‘ద’, ‘న’, ‘ల’ పోయినాయి. నాలుక లేచి పండ్ల దగ్గరికి పోతే గానీ పలకని అక్షరాలన్నీ పోయినాయి. పెదాలతో పలికే ‘ప’, ‘బ’, ‘మ’ మాత్రం మిగిలినాయి. కొమరోలు దగ్గర మిరపచేలో కలుపుకు పోయి, మిట్టమధ్యాహ్నం సంగటి ముద్ద చేతిలో ఉండంగానే పక్కకు ఒరిగినాడు. కుడిచెయ్యి, కుడికాలు, నాలుక, అన్నీ ఆ పూటే పడిపోయినాయి.

ఏ అక్షరం ఎట్ల పోతుందో నాకు అంతకు ముందే తెలుసు. అదీ నా ఖర్మ.

నేను మార్కాపురంలో పలకల ఫ్యాక్టరీలో పని చేసేటప్పుడు ఎదురు సందులో రిటైరైన పాస్టరయ్య ఒకాయన ఉండేవాడు. మూల విరిగిన పలకలు అమ్మకానికి పనికిరావు కాబట్టి ఆయనకు ఇచ్చేవాణ్ణి. ఆయన వాటి మీద హెబ్రీ అక్షరాలు రాసి సాయంత్రాలు నలుగురికి చదువు చెప్పేవాడు. నేను కూర్చునేది చదువు కోసం కాదు, అయ్యగారి ఇంట్లో టీ చిక్కగా పెడతారని.

“హెబ్రీ, అరామిక్ అక్కాచెల్లెళ్లురా,” అనేవాడు. “బంగారాన్ని అక్క ‘జాహాబ్’ అంటే చెల్లెలు ‘దహబ్’ అంటుంది. ఎద్దును అక్క ‘షోర్’ అంటే చెల్లెలు ‘తోర్’ అంటుంది. అక్క ‘జ’ చోట చెల్లెలికి ‘ద’, అక్క ‘ష’ చోట చెల్లెలికి ‘త’. అన్ని మాటల్లోనూ కాదు. కానీ మారినప్పుడు వరస తప్పవు.”

ఒకనాడు ఏటి రేవు కథ చెప్పినాడు. ఒక తెగవాళ్లు రేవు కాడ కాపలా కాసి, పగవాళ్ల నోట ‘ష’ పలకదని తెలిసి, దాటబోయే ప్రతి మనిషినీ ‘షిబ్బోలెత్’ అనమన్నారంట. ‘సిబ్బోలెత్’ అన్నవాణ్ణి అక్కడికక్కడే నరికినారంట.

“అయ్యగారూ, మా నాయన ముప్పై ఏండ్లుగా చర్చిలో వాక్యం చదువుతున్నాడు,” అన్నాను. “ఒక్కనాడు ‘శాంతి’ అన్న పాపాన పోలేదు. ఎప్పుడూ ‘సాంతి’నే. ఆ రేవులో మా పల్లె మొత్తం పోయుండేది.”

అందరూ నవ్వినారు. ఆయన నవ్వలేదు. “మీ పల్లెకు అట్లాంటి రేవు ఊరూరా ఉంది లేరా, మాట వినంగానే పక్కకు నెడతారు,” అన్నాడు.

ఆ రోజే ‘ఎప్ఫతా’ సంగతి కూడా చెప్పినాడు. చెవిటివాడూ నత్తివాడూ అయిన మనిషి చెవుల్లో వేళ్లు పెట్టి, నాలుక ముట్టి, ప్రభువు అన్న మాట అది. ‘తెరుచుకో’ అని అర్థం. అరామిక్‌లో దాని నిండు రూపం ‘ఎత్పతహ్’ లాంటిదంట. పలికీ పలికీ మధ్యలోని ‘త’ను పక్కనున్న ‘ప’ మింగేసింది.

“మనం ‘కండ్లు’ అంటాం. ఒంగోలు దిక్కు ‘కళ్లు’ అంటారు. ఆ ‘డ’ యాడికి పోయింది? ‘ల’ మింగింది. ఇదీ అంతే. పాపం, తెరుచుకోవడం తనంతట తనకే జరగాలని చెప్పే అక్షరం ఆ ‘త’నే.”

ఇట్లాంటిది నా చేతికి దొరికితే ఊరుకుంటానా? బోరు వేస్తే నీళ్లకు బదులు ఆవిరొచ్చి, ఊరంతటికీ ఆ ఆవిరి మీదనే ఇడ్లీలు ఉడికించినామని పొదిలి సంతలో నమ్మించినవాణ్ణి. ఆదివారం మా ఊరి టీ దుకాణం కాడ మొదలుపెట్టినాను.

“మీ నోళ్లలో ‘ఎప్ఫతా’కు పస లేదు. ‘త’ మింగేసినారు. మింగకుండా పలికేవాళ్లు భూమ్మీద ముగ్గురే. మూడోవాణ్ణి నేను. దొనకొండ స్టేషన్లో మూగబర్రె చెవిలో అన్నాను చూడండి, అది అరిచిన అరుపుకు గార్డు ఈల వేసినాడనుకొని డ్రైవరు రైలు కదిలించినాడు!”

బెంచీ చివర కూర్చున్న నాయన గ్లాసు కింద పెట్టి, “వాక్యంతో ఎకసెక్కాలొద్దురా,” అన్నాడు. నమ్మినాడో లేదో ఆ మొహంలో కనపడలేదు. నేనూ చూడలేదు.

మిరపచేలో పడిపోయినాక మార్కాపురం డాక్టరుకు చూపించినాం. మనిషికి తెలివి చెడలేదు, చెప్పేదంతా అర్థమవుతుంది, నాలుకే లేవడం లేదన్నాడు. ‘ప ప ప, త త త, క క క’ అని రోజూ వందసార్లు అనిపించమన్నాడు. “మొదటి నెలల్లోనే నాలుక మాట వింటుంది. ఆలస్యమైతే మొండికేస్తుంది. మీ ఇష్టం.”

ఇంట్లో అక్క రోజూ ఆయన ముందు కూర్చునేది. “నాయనా, త అను. నా బంగారు నాయన గదా, ఒక్క త.” ఆయన పెదాలు బిగించుకొనేవాడు. నన్ను చూస్తే మాత్రం ఎడమచేత్తో చెవి ముట్టుకొని, నాలుక ముట్టుకొని చూపించేవాడు. చెవిపోటనుకొని పొదిలి తీసుకపోయి చుక్కల మందు వేయించుకొచ్చినాను. మరుసటి రోజూ చెవి, నాలుక. కల్లాల్లో మిరపకాయలు ఎండేసే కాలం కూడా వచ్చింది. ఒక్క ‘త’ అనలేదు.

ఏమడుగుతున్నాడో తెలియక, చివరికి మూల విరిగిన పలక ఒకటి, బలపం ఒకటి తెచ్చి ఒళ్లో పెట్టినాను. ఎడమచేత్తో వంకరటింకరగా చాలాసేపు రాసినాడు. ‘నువ్వు మూడోవాడివి గదా.’

“ఏం మూడోవాడురా?” అంది అక్క. “మనం ఇద్దరమే గదా?”

టీ దుకాణం కాడ నేనన్న ‘ముగ్గురే’ గుర్తొచ్చింది. ఆయన మొండికేసి నోరు మూసుకోలేదు. నేను చెవి, నాలుక ముట్టి ఆ ‘తెరుచుకో’ మాట అంటానని కాచుకొని ఉన్నాడు. నాలుకకు ఉన్న నెలలన్నీ నా బర్రెకథ కింద పోయినాయి.

“నాయనా, అది అబద్ధం,” అన్నాను. “బర్రె లేదు, రైలు లేదు. నాకు ఏ శక్తీ లేదు. టీ కోసం కూర్చొని నాలుగు ముక్కలు విన్నాను, అంతే.”

ఆయన అరచేత్తో పలక తుడిచి మళ్లీ రాసినాడు. ‘ఇదే అబద్ధం.’

అక్క అది చదివి, “పుట్టినాక ఒక్క నిజం చెప్పినావు. అది కూడా చెల్లలేదు చూడు. నీ నోట్లో మన్ను పడ,” అని చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఏం చేసేది? ఆయన చెవుల్లో వేళ్లు పెట్టినాను. నాలుక ముట్టినాను. ఎండిపోయి గరుగ్గా ఉంది. అయ్యగారు నేర్పినట్టు, ‘త’ను మింగకుండా, ‘ఎత్పతహ్’ అన్నాను. ఆయన కండ్లు మూసుకొని ఆగినాడు. నోరు తెరిచి ఏదో అనబోయినాడు. గాలి తప్ప ఏమీ రాలేదు. నన్ను తిట్టలేదు. పలక తీసుకొని ‘సరిగ్గా అను’ అని రాసినాడు.

మూడుసార్లు అన్నాక నా నోట ఇంకో అబద్ధం వచ్చింది. “నాయనా, అందులో ‘త’ ఉంది చూడు, అది ‘తనంతట తాను’ అనే ‘త’. ఎవరి నోరు తెరుచుకోవాలో వాళ్లే అనాలంట.” నిజం నమ్మని మనిషి దీన్ని వెంటనే నమ్మినాడు. తల ఊపినాడు. మూడు నెలల ముందు ఈ అబద్ధం తట్టి ఉంటే!

మళ్లీ మార్కాపురం తీసుకపోతే డాక్టరు పుల్లతో నాలుక నొక్కి చూసి, చేతులు కడుక్కొని, “అనిపిస్తానే ఉండండి,” అన్నాడు. ఈసారి వందసార్లని లెక్క చెప్పలేదు.

ఇప్పుడు రోజూ పొద్దున టీ తాగినాక మంచం మీద దిండ్లు పెట్టి కూర్చోబెడతాను. ‘ఎత్పతహ్’ అంటాను. ఆయన వాక్యం చదివే రోజుల్లో మాదిరి గొంతు సవరించుకొని, మెడనరాలు పొంగేదాకా ప్రయత్నం చేస్తాడు.

“ఎప్పఆ.”

‘ప’ ఉంది. ‘త’ లేదు. ఎన్ని తరాలు పలికితే ఆ మాటలో ‘త’ అరిగిందో గానీ, ఈ నోట్లో అది ఒక్క మధ్యాహ్నంలో అరిగిపోయింది.

“వచ్చిందా?” అన్నట్టు నా దిక్కు చూస్తాడు.

“వచ్చింది నాయనా,” అంటాను. “ఇంకొక్కసారి.”

మళ్లీ నోరు తెరుస్తాడు. నాలుక కదులుతుంది. పండ్ల దాకా రాదు.