పసుపు కోకలో మా అత్త

మా చిన్నాయన మద్రాసులో బొమ్మలు వేయడం నేర్చుకుని యాభైల మొదట్లో కోడుమూరుకు తిరిగొచ్చాడు. వస్తూ ఏదో విదేశీ బొమ్మ అచ్చుకాగితం తెచ్చాడు. అందులో నీలిరంగు చెట్ల కింద ముగ్గురు ఆడవాళ్లు ఎటో చూస్తూ నిలబడి ఉంటారు. వాళ్లు మనుషులు కారనీ, మనసులో మెదిలే మూడు కోరికలనీ ఆయన చెబితే నేను నోరు తెరుచుకుని విన్నాను. అప్పటికి నాకు పదేళ్లు ఉంటాయేమో.

అలాంటి బొమ్మే మన హంద్రి ఏటి ఒడ్డున వేస్తానని, ఒక పొద్దున అమ్మనూ నన్నూ మేనత్తనూ తుమ్మచెట్ల కింద నిలబెట్టాడు. అత్త చిన్నవయసులోనే భర్తను పోగొట్టుకుని మా ఇంట్లో ఉండేది. తెల్లకోక తప్ప కట్టేది కాదు. "ఈ బోడి నొసలు యాడ పనికొస్తాదప్పా?" అంటూనే వచ్చి నిలబడింది.

బొమ్మ పూర్తయ్యాక పడసాలలో గోడకు ఆనించాడు. ఇసుక ఊదారంగు, చెట్లు నీలం. నేను లేతాకుపచ్చలో, అమ్మ ఎరుపులో ఉన్నాం. అత్తకు మాత్రం ఒళ్లంతా ముద్దపసుపు.

జేజి, అంటే మా నాయనమ్మ, అది చూసి చేతిలో చెంబు కింద పెట్టేసింది.

"ఏమప్పా, నీకు మతి ఉండాదా? మొగుడు పోయినదానికి పసుపు కోక కట్టిస్తాండావే!"

"ఆమె అక్క కాదమ్మా. పాప పొద్దున, వదిన మధ్యాన్నం, ఈమె సాయంత్రం. పొద్దుగూకేటప్పుడు ఆకాశం తెల్లగా ఉంటాదా, నువ్వే చెప్పు," అన్నాడు చిన్నాయన.

జేజి బొమ్మకేసి వేలు చూపించింది. "ఏమన్నా గానీ, దానిమీద తెల్లరంగు పుయ్యి," అంది. చిన్నాయన కుంచె ముట్టలేదు.

అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చాలాసేపు ఆ బొమ్మనే చూసింది. ఏడుస్తుందనుకున్నాను.

"ఉండనీమ్మా," అంది చివరికి. "సాయంత్రానికి మొగుడెవరుండారు, పోయేకి?"

అమ్మ ఫక్కున నవ్వింది. ఆపుకోలేక జేజి కూడా నవ్వేసింది. నలుగురి కళ్లబడకుండా అత్త గదిలో పెట్టుకోమని మాత్రం గట్టిగా చెప్పింది.

అత్త ఆ తర్వాత కూడా తెల్లకోకలే కట్టింది. కానీ మధ్యాహ్నాలు చెనిక్కాయలు ఒలవడానికి ఇరుగుపొరుగు ఆడవాళ్లు ఆ గదిలోకే వచ్చేవాళ్లు. ఎవరో ఒకరు గోడకేసి చూసి, "ఈ పసుపు కోకామె అచ్చం నీ మాదిరే ఉండాది గదక్కా," అనేవాళ్లు.

అత్త చేతిలో కాయ చిట్లించి, "శానామంది అట్లే అంటారు," అనేది.