తడి మట్టిలో పడని మడమ

నా చిన్నప్పుడు నర్సీపట్నంలో మా హైస్కూలుకి డ్రిల్లు మాస్టారు ఒక్కరే ఉండేవారు. కబడ్డీ నేర్పేదీ ఆయనే, వాలీబాల్ నేర్పేదీ ఆయనే, పరుగు పందేలకి ఈల ఊదేదీ ఆయనే. హెడ్మాస్టారి గదిలో బీరువా నిండా ఆయన జట్లు తెచ్చిన కప్పులే. ఖోఖో కప్పు ఒక్కటే లేదు. ఆ ఏడాదితో ఆయన రిటైరవుతున్నారు. ఆ లోటు మా ఆడపిల్లల జట్టు తీరుస్తుందని స్కూలంతా ఆశ పెట్టుకుంది. జట్టులో అందరికన్నా వేగంగా పరిగెత్తేది నేనే. ఆ సంగతి నాకు కాస్త ఎక్కువగానే తెలుసు.

మాస్టారికి ఒక అలవాటు ఉండేది. ఏ ఆటైనా సరే, పోటీ రోజు పొద్దున్నే మట్టి మీద నీళ్ళు చల్లించి, మమ్మల్ని చెప్పుల్లేకుండా ఒక్కొక్కరిగా ఆ తడి మీద నడవమనేవారు. వెనకాలే వంగి అడుగులు చూసుకుంటూ వచ్చేవారు. అదేదో ఆయన నమ్మకం కాబోలని నవ్వుకునేవాళ్ళం.

ఫైనలుకి రెండు రోజుల ముందు నా కుడి చీలమండ బెణికింది. ఇంట్లో చెప్పలేదు, జట్టులోనూ చెప్పలేదు. వాపు కనపడకుండా పరికిణీ కిందికి దించుకుని, పళ్ళు బిగించి మామూలుగా నడవడం సాధన చేశాను. ఫైనలు రోజు ఉదయం తడి మట్టి మీద కూడా దర్జాగా నడిచాననే అనుకున్నాను.

మాస్టారు నా అడుగుల దగ్గర ఆగిపోయారు. ఎడమ పాదం నిండుగా పడింది. కుడి పాదానికి వేళ్ళున్నాయి, మడమ లేదు.

"ఏటమ్మా, ఈ కాలు ఆనట్లేదేటి?" అన్నారు.

ఏమీ లేదండి అంటుండగానే ఏడుపొచ్చేసింది. ఈ ఒక్క ఆటా ఆడనివ్వమని, ఆ కప్పు ఆయన కోసమేనని బతిమాలాను. జట్టంతా బతిమాలింది. ఆయన అక్కడే మట్టి మీద చతికిలబడ్డారు. ఆయన అంత అలసిపోయి కనిపించడం అదే మొదటిసారి.

"నాకూ ఉందమ్మా ఆ కప్పు మీద ఆశ. నీ కాలు పాడుసేసుకుని తెచ్చేంత ఆశ మాత్రం లేదు. కూకో."

కూర్చున్నాను. కొద్దిలో ఓడిపోయాం. నేనుంటే గెలిచేవాళ్ళమని అందరూ అన్నారు. బీరువాలో ఆ ఖాళీ అలాగే ఉండగానే ఆయన రిటైరయ్యారు. వీడ్కోలు రోజున కూడా నేను కోపంతో ఆయన దగ్గరికి వెళ్ళలేదు. అది తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

తర్వాత నేనూ డ్రిల్లు టీచర్నయ్యాను. రోలుగుంట, కొయ్యూరు, చివరికి మళ్ళీ నర్సీపట్నం. కప్పులు నాకూ వచ్చాయి. తడి నేల మీద నడిపించి కూర్చోబెట్టిన పిల్లలూ ఉన్నారు. వాళ్ళ కోపం చూశాకే మాస్టారికి ఆ రోజు ఎంత కష్టమనిపించి ఉంటుందో తెలిసింది. నేను రిటైరై ఏళ్ళయినా, పోటీలొస్తే స్కూలు నుంచి కబురొస్తుంది. కాదనడం నాకు చేతకాదు. ఎండలో నిలబడీ నిలబడీ ఒళ్ళు హూనమైపోయింది.

ఈ పొద్దున వాకిట్లో కళ్ళాపి చల్లి, మెట్టెక్కి వెనక్కి చూశాను. నా అడుగుల్లో ఎడమ మడమ పడలేదు. అలా ఎన్నాళ్ళుగా నడుస్తున్నానో నాకే తెలియదు. లోపలికెళ్ళి స్కూలుకి ఫోన్ చేసి, ఇక రాలేనని చెప్పాను. "కూకో" అన్న ఆ మాట ఇన్నేళ్ళూ పిల్లలకే చెబుతూ వచ్చాను. ఈ రోజు నాకు నేను చెప్పుకుని, మెట్టు మీద కూర్చున్నాను.