పుంగనూరు స్థలానికి దారి

మా చెల్లెలి మొగుడు స్థలం పంచుకునే రోజు దారి అడగనేలేదని, ధర పెరిగాక కడుపుమంటతో గొడవకు దిగాడని మా బంధువుల్లో ఒక మాట తిరుగుతోంది. ఆ మాట పుట్టించింది నేను. అది అబద్ధం.

నాది మదనపల్లెలో ఉద్యోగం, ఆయనది కుప్పంలో. ఇద్దరి తండ్రులూ కూలికి పోయినవాళ్లే. పుంగనూరు శివారులో రోడ్డు పక్కన ఇద్దరం కలిసి అరెకరా కొన్నాం. మా వైపు పెద్దవాడు భాగాలు పెడతాడు, చిన్నవాడు ముందు కోరుకుంటాడు. అలా అయితే మోసం జరగదని పెద్దల నమ్మకం. నేను వెనక భాగం కాస్త పెద్దదిగా, బోరుతో సహా పెట్టాను. రోడ్డు వైపు చిన్న ముక్క, అంతా రాళ్లు. బోరు చూసి ఆయన వెనకదే కోరుకుంటాడని నాకు తెలుసు. అదే కోరుకున్నాడు.

"వెనక్కి పోయేదానికి దారి యాడ బావా?" అని అప్పుడే అడిగాడు.

"నా దాంట్లో పక్కగా ట్రాక్టరు పొయ్యేంత ఇడుస్తాలే. నువ్వేమన్నా పరాయోడివా?"

రిజిస్ట్రేషన్ రోజు దస్తావేజు రాసేవాడు కూడా దారి సంగతి రాయాలా అని అడిగాడు. ఇంటి అల్లుడు దారిని కాగితం మీద పెట్టమనడం మా వైపు ముఖాన ఉమ్మినంత పని. నేను ముఖం ముడుచుకున్నాను. అది చూసి ఆయనే సిగ్గుపడి, "వద్దులేప్పా" అన్నాడు.

కొన్నేళ్లకు ఆ రోడ్డు వెడల్పయింది. టమోటా మండీ వ్యాపారి ఒకాయన నా ముక్క అడిగాడు. అందులో ఎవరికీ దారి ఉండకూడదన్నాడు. ఇంకొన్నాళ్లు ఉంచుకోవడమా, దారి వదిలి మిగతాది తక్కువకు అమ్మడమా, మొత్తం అమ్మేయడమా? ఆ డబ్బుతో మదనపల్లెలో అద్దెకిచ్చే గదులు కట్టుకోవచ్చని నా భార్య అంది. మొత్తం అమ్మేశాను. చెల్లెలికి ఫోన్ కూడా చేయలేదు.

ఇల్లు మొదలుపెడదామని చెల్లెలి మొగుడు ఇటుకల ట్రాక్టరుతో వచ్చేసరికి రోడ్డు పొడుగునా కంచె ఉంది. స్థలం వెనక నీళ్లు పారే వంక, రెండు పక్కలా వేరేవాళ్ల చేలు. ఇటుకలు రోడ్డు మీదే దించి, నేరుగా నా ఇంటికి వచ్చాడు.

"నా దారి యాల అమ్మినావు బావా?"

"దారని యాడ రాసుండాది? సూపించు."

"అయితే నేను హెలికాప్టరులో దిగాల్నా?"

నేను నవ్వాను. ఆయన కోర్టుకు పోయాడు. చెల్లెలు మా ఇంటి గడప తొక్కడం మానేసింది.

ఈమధ్య ఒక పెళ్లిలో, పంక్తిలో అందరి ముందూ మా పెదనాన్న చెల్లెల్ని ఎత్తిపొడిచాడు. "అన్న భూమి మీద మీకెందుకమ్మా ఆశ?" ఆమె సగం తిన్న ఆకు మడిచి లేచిపోయింది.

మర్నాడు కుప్పం పోయాను. చెల్లెలి మొగుడు గేటు తీయలేదు.

"కోర్టులో నిజం చెప్తాను," అన్నాను.

"ఏ నోటితో? దారి ఇస్తానన్న నోటితోనా, లేదన్న నోటితోనా?"

"రెండూ నావే."

"అయితే రెండూ మూసుకోని పో. కోర్టోళ్లు పిలిస్తే తెరుద్దువు."

పిలిచారు. దారి ఇస్తానని మాట ఇచ్చానని, దాన్ని దాచి అమ్మానని చెప్పాను. కొన్నవాడు డబ్బు వెనక్కి అడిగితే దాంతో కట్టిన గదులు అమ్ముకోవాలని నా భార్యకు తెలుసు. ఆ రోజు నుంచి ఆమె నాకు అన్నం పెడుతుంది కానీ మాట్లాడదు.

సాక్ష్యం చెప్పి కోర్టు బయటికి రాగానే మండీ వ్యాపారి అడ్డం నిలబడ్డాడు. "బావాబామ్మర్దులు కలిసి బాగా ముంచినారప్పా నన్ను," అన్నాడు.

మా చెల్లెలి మొగుడు అప్పటికి మెట్లు దిగేశాడు. ఆ మాట విని వెనక్కి తిరిగాడు.

"ఆయప్పతో నన్ను కలపొద్దు సామీ," అని చెప్పి, బస్టాండు వైపు నడిచాడు.