ఆస్ట్రియాకు రెండు టికెట్లు

మస్కట్‌లోని ఒక ఇండియన్ స్కూల్లో నేను పదకొండేళ్ళు జాగ్రఫీ చెప్పాను. ఏడో తరగతిలో హిమానీనదం పాఠం ఉండేది. బోర్డు మీద రెండు కొండలు గీసి, మధ్యలో సుద్దముక్కను అడ్డంగా పట్టుకుని తెల్లగా రుద్ది, ఇది మంచు నది, ఇది కూడా పారుతుంది, కాకపోతే రోజుకు జానెడో బెత్తెడో అని చెప్పేదాన్ని. తొంభైల మొదట్లో ఒక ఏడాది, వెనక బెంచీలోంచి ఒక అమ్మాయి లేచి, మీరు చూశారా మిస్ అని అడిగింది. లేదన్నాను. ఆ పిల్ల కూర్చుంది. ఎందుకో ఆ రోజు మిగతా పాఠం చెప్పబుద్ధి కాలేదు.

సాయంత్రం మావారికి ఆ సంగతి చెప్పాను. ఆయన మస్కట్‌లోనే అల్ ఖువైర్‌లో ఒక మంత్రిత్వ శాఖలో రోడ్ల ఇంజనీరు. మాకు పిల్లల్లేరు. ఇద్దరి ఉద్యోగాలూ, ఏడాదికోసారి రాజమండ్రి వెళ్ళి రావడం, అంతే మా జీవితం. ఆయన టీ తాగుతూ, "అయితే వెళ్ళి చూద్దాం" అన్నారు, బజారుకెళ్ళి వంకాయలు తెద్దాం అన్నంత తేలిగ్గా.

అంత తేలిక కాదని ఇద్దరికీ తెలుసు. ఆఫీసు ఇచ్చే టికెట్టు ఇండియాకే. సెలవు ఒక్కటే. యూరప్ వెళ్ళాలంటే ఆ ఏడు ఊరు మానుకోవాలి. మా చెల్లెలికి ఉత్తరం రాస్తే, మంచు కోసం అంత దూరం ఎందుకే, ఫ్రిజ్ తలుపు తీస్తే కనపడదూ అని జవాబు రాసింది. కింద చిన్న అక్షరాలతో, ఈసారి నువ్వు రాకపోతే మామిడికాయ ముక్కలు ఎవరితో కొట్టించుకోను అని కూడా రాసింది. ఆ వాక్యం చదివి రెండు రోజులు ఊగిసలాడాను.

ఊళ్ళోనే రూవి బజారులో ఒక మలయాళీ ఆయన ట్రావెల్ ఏజెన్సీ నడిపేవాడు. మేము స్విట్జర్లాండ్ అనగానే తల అడ్డంగా ఊపాడు. అవే ఆల్ప్స్ కొండలు ఆస్ట్రియాలోనూ ఉన్నాయి, ఖర్చు సగం, అక్కడికి వెళ్ళండి అన్నాడు. నేరుగా వెళ్ళే విమానం వద్దని, డమాస్కస్‌లో తొమ్మిది గంటలు ఆగి వియన్నా వెళ్ళేది చూపించాడు. చవక కాబట్టి ఒక షరతు ఉంది, రద్దు చేసుకుంటే పైసా తిరిగి రాదు అని రెండుసార్లు చెప్పాడు. మేము రద్దు చేసుకునే మనుషుల్లా కనిపిస్తున్నామా అని మావారు నవ్వారు.

ఆ చలికాలమంతా మా ఇంట్లో నేల మీద ఒక మ్యాపు పరిచి ఉండేది. ఆయన కొండదారి వంపుల మీద దారప్పోగు పెట్టి, తర్వాత దాన్ని స్కేలు మీద సాగదీసి కిలోమీటర్లు లెక్కకట్టేవారు. హోటళ్ళు మనవల్ల కావని తేలాక, పల్లెల్లో జనం తమ ఇళ్ళలోనే గదులు అద్దెకిస్తారని ఒక కరపత్రంలో చదివి, ఒకావిడకు ఇంగ్లీషులో ఉత్తరం రాశాం. ఆరు వారాలకు జర్మన్‌లో జవాబొచ్చింది. ఆయన ఆఫీసులో ఒక జర్మన్ సలహాదారు చదివి పెట్టాడు. గది కిటికీ కొండవైపు ఉంది, రెండు మంచాలున్నాయి, పొద్దున ఫలహారం మాదే, మీ ఇద్దరి కోసం ఎదురుచూస్తుంటాం అని ఉందట. ఆ ఉత్తరాన్ని ఆయన చాలా రోజులు చొక్కా జేబులో పెట్టుకుని తిరిగారు.

వీసాలొచ్చాయి. ప్రయాణం ఇంకో నెల ఉందనగా ఒక మధ్యాహ్నం ఆయన పెందలాడే ఇంటికొచ్చారు. మూడేళ్ళుగా ఆయన దగ్గర పని నేర్చుకున్న ఒమానీ కుర్రవాడికి, స్థానికులకే ఉద్యోగాలన్న రూలు కింద, ఆయన ఉద్యోగాన్ని ప్రభుత్వం ఇచ్చేసింది. మంచివాడు, బాగా చేస్తాడు అని ఆయనే అన్నారు. ఇంకో ఉద్యోగం వెతుక్కోవడానికి మూడు నెలల గడువు. మస్కట్‌కు రెండు గంటల దూరంలో ఉన్న ఇబ్రాలో ఒక కన్‌స్ట్రక్షన్ కంపెనీ రమ్మంటోంది కానీ, ఇంటర్వ్యూలు సరిగ్గా మా ప్రయాణం వారంలోనే. వీసా కాగితాలు మార్చడానికి పాస్‌పోర్టు కూడా ఇచ్చేయాలి. నా వీసా స్కూలు మీద ఉంది కాబట్టి నాకేం ఇబ్బంది లేదు.

నేను మ్యాపు మడిచి బీరువాలో పెట్టేశాను. ఆయన మళ్ళీ తీసి పరిచారు.

"ఒక టికెట్టు పోతే పోయింది. రెండోది ఎందుకు పోవాలి? నువ్వు వెళ్ళిరా."

"మీరు లేకుండా నేనొక్కదాన్నీ ఎలా వెళ్తానండీ?"

"నా మూలంగా నువ్వు కూడా ఆగిపోతే, రేపట్నుంచి నీ మొహం ఎలా చూడమంటావు?"

సీబ్ విమానాశ్రయంలో ఆయన నా చేతికి నాలుగు కాగితాలిచ్చారు. ఏ స్టేషన్లో దిగాలి, ఏ బస్సెక్కాలి, ఎక్కడ తాగునీళ్ళు దొరుకుతాయి, అన్నీ పెద్దక్షరాలతో ముందే రాసిపెట్టారు. అన్నిచోట్లా 'మనం' అన్నది కొట్టేసి 'నువ్వు' అని దిద్దారు.

ఆ పల్లె చేరేసరికి ఇంటావిడ గుమ్మంలోనే ఉంది. అరవై దాటిన మనిషి. నా వెనక ఎవరూ రాకపోవడం చూసి వేలుతో రెండు అని సైగ చేసింది. నాకు జర్మన్ రాదు, ఆమెకు ఇంగ్లీషు రాదు. భర్త రాలేదని చెప్పాలని తల అడ్డంగా ఊపాను. అప్పటిదాకా బిగబట్టిన దుఃఖం ఒక్కసారిగా పొంగింది. ఆమె నా చెంప మీద చెయ్యి వేసి, తనూ కళ్ళు తుడుచుకుని, రెండో మంచం మీది దిండూ దుప్పటీ మెల్లగా తీసుకుపోయింది. తలుపు మూసుకున్నాక గాని, ఆయన పోయారని ఆమె అనుకుందన్న సంగతి నాకు తట్టలేదు.

పొద్దున్నే ఒక పోస్టుకార్డు మీద ఆయన పేరూ మస్కట్ అడ్రసూ రాసి ఆమెకు చూపించి, విమానం బొమ్మ గీసి, ఆయన బొమ్మను అది ఎక్కకుండా ఆఫీసు బల్ల ముందు కూర్చోబెట్టాను. ఆమె గుండెల మీద చెయ్యి వేసుకుని పెద్దగా నవ్వింది. వెళ్ళి ఇంకో గుడ్డు ఉడకబెట్టి తెచ్చింది.

బస్సు రెండు గంటలు మలుపులు తిరుగుతూ పైకెక్కింది. అక్కణ్ణుంచి మంచు నది దగ్గరికి కిందికి నడవాలి. దారి పక్కన చెక్కపలకలు పాతి, ఏ సంవత్సరంలో మంచు ఎక్కడిదాకా ఉండేదో రాశారు. ఒక్కో పలకా దాటుతుంటే అది ఎంత వెనక్కి వెళ్ళిపోయిందో తెలుస్తోంది. చివరికి దొరికింది. నేను బోర్డు మీద రుద్దినంత తెల్లగా లేదు. పైనంతా బూడిదరంగు, రాళ్ళూ మట్టీ. పగుళ్ళలో మాత్రం లోతుకు పోయేకొద్దీ నీలం. ఒంగి అరచెయ్యి ఆనించి చెవి ఒగ్గితే అడుగున ఎక్కడో నీళ్ళు పారుతున్న చప్పుడు వినిపించింది.

"విన్నారా?" అన్నాను కుడివైపు తిరిగి.

అక్కడ ఎవరో తెల్లవాళ్ళ జంట. మర్యాదగా నవ్వి పక్కకు జరిగారు. ఆ చల్లటి ఎండలో చాలాసేపు కూర్చున్నాను. ఇన్నేళ్ళూ చూడాలనుకున్నది కళ్ళెదురుగా ఉంటే, నా మనసు మాత్రం మస్కట్ ఇంట్లో ఇస్త్రీ చొక్కా వేసుకుని ఇంటర్వ్యూకి బయల్దేరుతున్న మనిషి చుట్టూ తిరుగుతోంది.

ఆయనకు ఇబ్రా ఉద్యోగం వచ్చింది. వారమంతా అక్కడే ఉండి, అక్కడి సెలవు రోజులైన గురు, శుక్రవారాలు మస్కట్ వచ్చేవారు. వచ్చినప్పుడల్లా ఏదో ఒక కొత్త ప్రశ్న. మంచు మీద ఈగలుంటాయా? రాళ్ళు ఏ రకం? ఆ తర్వాత రెండు వేసవులు మళ్ళీ బయల్దేరాలనుకున్నాం. ఆ కంపెనీ వేసవిలో సెలవివ్వలేదు. ఆయన ఆస్ట్రియా చూడనేలేదు.

ఒకసారి నేనే ఇబ్రా వెళ్ళాను. ఆయన సైట్‌లో పనిచేసే కరీంనగర్ మేస్త్రీ ఒకాయన కూరగాయలు పట్టుకుని ఇంటికొచ్చాడు. ఎండ గురించి మాట్లాడుకుంటుంటే మావారు, "మేము ఆస్ట్రియా వెళ్ళినప్పుడు చూడాలయ్యా, ఎండలో కూడా వణికిపోయాం" అన్నారు. మేస్త్రీ నోరు తెరుచుకుని, "నిజమా అమ్మా, గంత సల్లగుంటదా?" అని నన్నడిగాడు.

మావారు తలెత్తలేదు. టీ గ్లాసు అంచు మీద వేలు తిప్పుతున్నారు.

"చాలా చల్లగా ఉంటుంది నాయనా. ఇద్దరం ఒకే శాలువా కప్పుకున్నాం" అన్నాను.