ఖాళీ గుంజ కనపడకుండా

మా పంచాయతీలో మైకు పట్టుకునే పని నాది. పన్ను కట్టండి, పోలియో చుక్కలు వేయించండి, రేపు కరెంటు ఉండదు, ఇలా ఏ కబురైనా ఆటోలో కూర్చుని ఊరంతా చెప్పుకొస్తాను. మైకులు లేని రోజుల్లో మా మామగారు ఇదే పనికి టముకు వేసేవారు. నేను చదివింది ఐదో తరగతి. చెవిన పడ్డ మాట మాత్రం పోదు.

గోదావరి పొంగిన ఏడాది సెక్రటరీ గారు కాగితం రాసిచ్చారు. ఏటి నడుమ లంకలో వాళ్ళందరూ పిల్లల్ని, ముసలివాళ్ళని తీసుకుని వెంటనే పడవలెక్కి స్కూలు దగ్గరికి రావాలని, మందులు, ఆధార్ కార్డులు మరిచిపోవద్దని. ఉన్నది ఉన్నట్టు చదివాను. మా మామగారైతే వరద టముకులో మొదటి మాటే "పశువుల పలుపులు విప్పండహో" అనేవారు. మనుషులు వాళ్ళంతట వాళ్ళు వస్తారు, కట్టేసినవి ఎలా వస్తాయి అనేవారు. అది నాకు నోటికొచ్చు. కాగితంలో లేదు కదా అని ఊరుకున్నాను. సెక్రటరీ గారి మాట మీద మాట కలిపితే ఏమనుకుంటారో అని కూడా.

లంకలో ఒకావిడ ఉంది, నాకు వదిన వరస. ఒంటరి మనిషి. సాయంత్రానికి తిరిగి వచ్చేయొచ్చనుకుని గేదెని గుంజకి అలాగే వదిలి పడవెక్కేసింది. నీరు తీయడానికి మూడు రోజులు పట్టింది. గేదె మెడకి పలుపు అలాగే ఉంది.

కొన్నాళ్ళకి సెక్రటరీ గారు నన్ను పిలిచారు. జనానికి కబుర్లు చేరవేసే ప్రభుత్వ సిబ్బందికి అవార్డులట, రాష్ట్రమంతా పోటీ అట.

"మన లంకలో ఒక్క ప్రాణం కూడా పోలేదని రాసేనమ్మా. మీ మైకు వల్ల బతికేమని ఒకరి చేత వీడియోలో చెప్పించాలి. మీ మాట కాదననివాళ్ళు ఎవరున్నారు?"

కాదనని మనిషి నాకు ఆ వదిన ఒక్కతే.

మేం వెళ్ళేసరికి ఆవిడ తల దువ్వుకుని వచ్చి నిలబడింది. "ఏం చెప్పమంటారండీ?" అంది. సెక్రటరీ గారు ఫోను ఎత్తి, దించేశారు.

"వెనకాల ఆ గుంజేదో బాగోలేదమ్మా. కాస్త ఇటు జరపండి."

ఆయనకి తెలియదు. నాకు తెలుసు. తెలిసీ ఆవిడ భుజం పట్టుకుని మందార చెట్టు ముందుకి జరిపాను. ఆవిడ గుంజకేసి చూసింది, నాకేసి చూసింది, జరిగింది.

"వదినగారు మైకులో చెప్పబట్టి బతికేమండి" అంది. సెక్రటరీ గారికేసి తిరిగి, "చాలాండీ?" అంది.

తిరుగు పడవలో, అది పంపకండి బాబూ అందామని రెండుసార్లు నోరు తెరిచాను. ఈలోగా ఆయన, "గెలిస్తే శాలువా కప్పుతారమ్మా" అన్నారు. నేను ఏ చీర కట్టుకోమంటారండీ అని అడిగాను.

గెలిచాం. అవార్డు ఇచ్చేరోజు పెద్ద తెర మీద ఆ వీడియో వేశారు. "చాలాండీ?" అన్న మాట తీసెయ్యలేదు. హాలంతా ముచ్చటగా నవ్వింది. నేనూ నవ్వాను.

మర్నాడు శాలువా పట్టుకుని లంకకి వెళ్ళాను. "ఇది మీదే వదినగారూ" అని చేతిలో పెట్టాను. ఆవిడ అంచు తడిమి చూసింది.

"మంచి శాలువానండి. గేదె సంగతి అక్కడ చెప్పేరా అండీ?"

"లేదు వదినగారూ."

"ఆయ్" అంది. శాలువా మడత చెడకుండా నా ఒళ్ళో పెట్టేసి, టీ పెట్టడానికి లోపలికి వెళ్ళింది. ఇన్నేళ్ళలో ఆ ఇంట్లో చిక్కటి పాల టీ తప్ప నేనెరగను.

"ప్యాకెట్టు పాలండి, రుచుండదు. ఏమనుకోకండేం" అంటూ గ్లాసు అందించింది.

అడుగు దాకా తాగాను. తల మాత్రం ఎత్తలేకపోయాను.