యోనాకు పోసిన నీళ్లు

ఎక్కడి సముద్రం, ఎక్కడి మదనపల్లె! అయినా టమాటా మండీ పురుషోత్తానికి బుద్ధి పుట్టింది. హాలులో గోడంత అద్దాల తొట్టి కట్టించి, ఉప్పునీళ్లు నింపించి, మూరెడు పొడవున్న చారల సొరచేపను తెచ్చి వదిలాడు. చుట్టాలొచ్చారు, సెల్ఫీలు దిగారు, పోయారు. ఆయన సంబరం పాలపొంగే. ఆ సొర పగలంతా రాతి కింద పడుకునే రకమని తెలిశాక ఆ పక్కకు చూడటం కూడా మానేశాడు.

చూసుకున్నది జయశీల ఒక్కతే. మిషన్ ఆసుపత్రి పిల్లల వార్డులో ఆయాగా చేసి రిటైరై, ఆ ఇంట్లో వంటకు కుదిరిన మనిషి. అన్నం ముట్టని పిల్లల్ని బుజ్జగించి తినిపించడమే జన్మంతా ఆమె పని. సొరకు యోనా అని పేరు పెట్టింది. "చేప కడుపులో ఉండింది యోనా గదమ్మా, చేపకే ఆ పేరేంది?" అని పాస్టరుగారు నవ్వితే, "ఈ గాజుపెట్టె కడుపులో ఇది ఉండాది గదయ్యా, ఇదీ యోనానే" అంది. పొద్దు వాలినాక చెయ్యి కడుక్కొని నీళ్లలో పెడితే చాలు, యోనా రాతి కిందినుంచి జారుకుంటూ వచ్చి, అరచేతికి తల ఆనించి రొయ్య ముక్క అందుకునేది. అప్పుడు చూడాలి ఆమె ముఖం!

తొట్టి బాగోగులు చూసే ఇనాయతుల్లా పుంగనూరు నుంచి వచ్చిపోతుండేవాడు. "ఎండకు నీళ్లు తగ్గుతాయమ్మా. క్యాను నీళ్లే పొయ్యి, వేరేవి వద్దు" అని చెప్పాడు. ఎందుకో అతను చెప్పలేదు, ఆమె అడగలేదు.

ఆ ఎండాకాలం యోనా కాస్త మందగించింది. జయశీలకు క్యాను నీళ్ల మీదే అనుమానం వచ్చింది. ఆ ప్లాస్టిక్ నీళ్లు పురుషోత్తం నోటైనా పెట్టడు. రాత్రంతా రాగిబిందెలో నిలవుంచిన నీళ్లే తాగుతాడు, ఒంటికి అంత మంచిదట. మనిషికి మంచిదైంది నోరులేని జీవానికి చెడ్డదవుతుందా? బిందెను చింతపండుతో తళతళలాడేలా తోమి, రోజూ ఆ నీళ్లే తొట్టిలో పోసింది. యోనా తిండి తగ్గించింది. పాపం, జయశీల ఇంకో చెంబు ఎక్కువ పోసింది. మోకాళ్లూని ప్రార్థన చేసింది. యోనా తిండి పూర్తిగా మానేసింది.

కబురందుకుని ఇనాయతుల్లా పరుగున వచ్చాడు. తొట్టి నీళ్లు కాసిని చిన్న గాజుగొట్టంలోకి తీసి మందుచుక్కలు వేశాడు. నీళ్ల రంగు మారింది, అతని ముఖమూ మారింది.

"రాగి! ఇంత రాగి యాడినుంచి వచ్చిందమ్మా? సొరకు రాగి విషం గదా!"

జయశీల వంటింటివైపు చూసింది. అతని చూపూ వెళ్లి ఆ బిందె మీదే పడింది.

"నేనే పోసినానప్పా... మంచి నీళ్లని."

"యాల పోసినావమ్మా" అని గట్టిగా అనబోయి, ఆమె వాలకం చూసి తగ్గాడు. "తప్పు నాది. యాల వద్దంటినో చెప్పల్యా."

"బతుకుతాదా?"

నీళ్లు మారుస్తానన్నాడు, రాగిని పీల్చే బొగ్గు వేస్తానన్నాడు. బతుకుతుందని మాత్రం అనలేదు.

పురుషోత్తం ఫోన్లోంచి తల ఎత్తకుండానే, "పోతే పోనీలే జయశీలమ్మా, ఇంగోటి తెప్పిస్తాలే" అన్నాడు.

"ఇంగోటి వద్దయ్యా" అంది ఆమె.

పొద్దు వాలింది. అలవాటుకొద్దీ చెయ్యి కడుక్కుంది. మంచికి పోతే చెడు ఎదురవడమంటే ఇదేనేమో! ఆ చెయ్యి నీళ్లలో పెట్టాలంటే ఆమెకే భయమేసింది. అయినా పెట్టింది. పొద్దుటినుంచి కదలని యోనా మెల్లగా, ఆగి ఆగి, రాతి కిందినుంచి వచ్చింది. అరచేతికి తల ఆనించింది. రొయ్యను ముట్టలేదు. విషం పోసింది ఆ చెయ్యేనని దానికేం తెలుసు? తిండి పెట్టే చెయ్యి కదా అని వచ్చింది.

"నా దగ్గరికి రావాకురా నాయనా, రావాకు" అని వెక్కి వెక్కి ఏడ్చింది జయశీల.

యోనా ఆ చేతిలోనే ఉండిపోయింది.